బీరువాకు అంటించిన సెన్సార్

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఒక మూడంతస్తుల బిల్డింగు ఉంది. మూడంతస్తులూ కంప్యూటర్ కోచింగ్ వాళ్లవి. పైన డాబా మీది రెండు గదులు జీవమణి వాళ్లవి. అద్దెకిచ్చేటప్పుడు ఓనరు చక్రపాణిగారు దాన్ని పెంట్‌హౌస్ అన్నారు. పైన రేకులు కాకుండా స్లాబే ఉంది కాబట్టి జీవమణి భర్త గిడియన్ కూడా చుట్టాలకు అలాగే చెప్పుకున్నాడు.

ఎండాకాలం మొదట్లో కోచింగ్ వాళ్లు క్రేనుతో రెండు పెద్ద ఏసీ మిషన్లను ఆ డాబా మీదికి ఎక్కించారు. ఒక్కొక్కటి ఆటో అంత ఉంది. వీళ్ల గోడకు పదడుగుల దూరంలో బిగించారు. అవి తిరగడం మొదలైన మర్నాడు, పది నెలల జెనీఫర్‌ను చాప మీద పడుకోబెడుతూ జీవమణి నేలకు చెయ్యి ఆనించింది. లోపల ఏదో గుర్రుమంటున్నట్టు తోచింది. చెయ్యి తీసి మళ్లీ పెట్టింది. అలాగే ఉంది.

సాయంత్రం గిడియన్ రాగానే అతని చెయ్యి పట్టుకుని నేల మీద పెట్టించింది. పంజాగుట్టలో కళ్లద్దాల షాపులో రోజంతా అద్దాలు అరగదీసే మిషన్ ముందు కూర్చునే మనిషికి ఆ అదురు ఒక లెక్కలోకి రాలేదు. ఫ్రిజ్జు మీద చెయ్యి పెట్టినా ఇట్లనే ఉంటదని లేచి స్నానానికి పోయాడు.

జీవమణి తొమ్మిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. తనకు తెలియనివి చాలా ఉన్నాయని ఆమెకు బాగా తెలుసు. అందుకే ఏది చూసినా ముందు భయపడి, తర్వాత ఎవరినైనా అడిగేది. పిల్లకు తుమ్ము వస్తే పక్క సందులో మెడికల్ షాపు అతన్ని అడిగేది. పప్పులో ఉప్పు ఎక్కువైతే పిల్ల కిడ్నీలకు ఏమైనా అవుతుందేమోనని పాస్టరుగారి భార్యను అడిగేది. ఈ అదురు సంగతి ఎవరిని అడగాలో మాత్రం తెలియలేదు. వారం తర్వాత తలుపు పైన గోడకు వెంట్రుక మందాన బీట కనిపించింది. ఆ బీట ఆగినచోట పెన్సిలుతో అడ్డగీత పెట్టి, పక్కన తేదీ వేసి, రోజూ పొద్దున లేవగానే కుర్చీ ఎక్కి చూసేది. అయినా గుండె నిలవలేదు. నేల కింద మూడంతస్తుల లోతు ఉంది. ఆ నేల మీదే పిల్ల పడుకుంటుంది. చివరికి చక్రపాణిగారికి ఫోన్ చేసింది.

ఆయన మధురానగర్ నుంచి అరగంటలో వచ్చారు. అద్దె ఆలస్యమైనప్పుడు కూడా అంత తొందరగా వచ్చినవారు కారు. బీటను చూశారు, మిషన్లను చూశారు, మంచిపని చేశావమ్మా అని మెచ్చుకున్నారు. దాని వెనక సంగతి గిడియన్ తర్వాత కనుక్కున్నాడు. ఆ డాబా నిండా హాస్టల్ గదులు కట్టాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది. కోచింగ్ వాళ్ల అగ్రిమెంటులో డాబా కూడా ఉండడంతో మిషన్లను కదిలించమనడానికి ఆయనకు కారణం దొరకలేదు. వాటివల్ల బిల్డింగు దెబ్బతింటోందని ఒక ఇంజనీరు కాగితం మీద రాసిస్తే చాలు. కొత్త గదులు పడ్డాక అటాచ్డ్ బాత్రూముతో ఒకటి మీకేనయ్యా అని ఆయన గిడియన్‌తో అన్నారు కూడా. ఆ రోజునుంచి గిడియన్‌కు కూడా నేల అదురుతున్నట్టు అనిపించసాగింది.

సోమవారం పొద్దున పదింటికి పంజాగుట్ట నుంచి సుమశ్రీ అనే ఇంజనీరు వచ్చింది. మిషన్లు, భవనాలు ఎంత అదురుతున్నాయో కొలవడమే ఆమె పని. ముప్పై ఏళ్లుంటాయి. భుజాన సంచి, చేతిలో నల్ల పెట్టె. గది మధ్యలో చాప తీయించి, నేల తుడిచి, సీసా మూతంత ఉక్కు బిళ్ల ఒకటి బయటికి తీసింది. దాన్ని సెన్సార్ అంటారని, కింది నేల ఎంత కదిలితే అంతా ఇది పట్టుకుంటుందని చెప్పింది. పసుపుపచ్చటి మైనం చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య మెత్తగా చేసి, బిళ్ల అడుగున పల్చగా రాసి, నేలకు నొక్కి అంటించింది. చుట్టూ సుద్దముక్కతో గీసింది. బిళ్ల నుంచి సన్నని తీగ కుర్చీ మీది పెట్టెలోకి పోయింది.

కోచింగ్ వాళ్లు పొద్దున ఒక మిషనే వేస్తారు, మధ్యాహ్నం బ్యాచ్ నిండాక రెండోది కూడా వేస్తారు. రెండూ తెలియాలంటే ఒక రోజంతా రికార్డు కావాలంది సుమశ్రీ. మీరు మామూలుగా తిరగవచ్చు, వంట చేసుకోవచ్చు, దీన్ని మాత్రం ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పి వెళ్లింది. జీవమణి రెండుసార్లూ తల ఊపింది.

పదకొండూ నలభైకి జీవమణి బియ్యం కడుగుతోంది. గదిలోంచి చప్పుడు లేదు. పాకే పిల్ల ఉన్న ఇంట్లో చప్పుడు లేకపోతే వెళ్లి చూడాల్సిందే. వెళ్లి చూస్తే జెనీఫర్ సెన్సార్ ముందు కూర్చుని, పక్కలకు ఉబికిన మైనాన్ని గోటితో గీకి నోట్లో పెట్టుకుంది. జీవమణి వేలు పెట్టి తీసింది. నీళ్లతో నోరు కడిగింది. మెడికల్ షాపుకు ఫోన్ చేస్తే, మింగినా మైనం ఏం చేయదు, అట్లనే బయటికి పోతదని అతను నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఆ మూతంత బిళ్ల ఊడి పిల్ల గొంతులో పడితే? పిల్లను ఎత్తుకునే ఉందామంటే వంట ఉంది, ఉతుకు ఉంది, ఇరవై రెండు గంటలు ఉంది.

అప్పుడామె చేసిన పని ఏమిటంటే, బిళ్లను మెల్లగా ఊడదీసింది. మైనాన్ని సుమశ్రీ చేసినట్టే వేళ్ల మధ్య మెత్తగా చేసి, పల్చగా రాసి, పిల్లకు అందనంత ఎత్తులో ఇనుప బీరువా పక్కరేకుకు నొక్కి అంటించింది. తీగ సరిపోయింది. బీరువా కూడా ఆ నేల మీదే ఉంది కదా, నేల ఎంత కదిలితే అదీ అంతే కదులుతుందని అనుకుంది. తన పనితనం చూసి కొంచెం తృప్తి కూడా పడింది.

మర్నాడు పొద్దున భయం పట్టుకుంది. ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పించుకుని ముట్టుకుంది మరి. తొమ్మిదిన్నరకు బిళ్లను తెచ్చి సుద్దగీత మధ్యలో మళ్లీ అంటించింది. పదింటికి సుమశ్రీ వచ్చి, ఎవరూ కదపలేదు కదా అని అడిగింది. జీవమణి లేదన్నట్టు తల ఆడించింది.

గురువారం రిపోర్టు వచ్చింది. చక్రపాణిగారు దాన్ని తీసుకుని స్వయంగా డాబా ఎక్కారు. కోచింగ్ మేనేజరు రవికాంత్‌ను పైకి పిలిపించి, గిడియన్, జీవమణి వింటుండగా చదివారు. నేల కదలిక సెకనుకు ఏడు మిల్లీమీటర్లు. ఐదు దాటితే ఇళ్ల గోడలకు చేటని లెక్క. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో అదురు ఒక్కసారిగా పెరిగిందని, రెండో మిషన్ వేసే వేళ కూడా అదేనని అందులో ఉంది. రవికాంత్ తెల్లబోయాడు. నెల లోపల మిషన్లు దించకపోతే కోర్టుకు పోతానని చక్రపాణిగారు చెప్పి, మెట్లు దిగబోతూ జీవమణి వైపు తిరిగారు.

"అందాకా పాపను ఆ గదిలో పడుకోబెట్టకమ్మా. ఏడంటే మాటలు కాదు."

ఆ రోజునుంచి జీవమణి పిల్లను మెట్ల దగ్గర చాప వేసి పడుకోబెట్టింది. కోచింగ్ పిల్లలు సిగరెట్ల కోసం పైకి వచ్చేవాళ్లు, పాపను చూసి మళ్లీ దిగిపోయేవాళ్లు. రెండు రోజులు అలా గడిచాయి. బయటికి చెప్పుకోలేని లెక్క ఒకటి ఆమె బుర్రలో తిరుగుతోంది. పన్నెండు ప్రాంతం అంటే తను సెన్సార్‌ను బీరువాకు అంటించిన వేళ. ఆ ఏడు బీరువాది. మరి నేలది ఎంత? తక్కువ కావచ్చు. ఇనుము గట్టిది కాబట్టి బీరువా తక్కువ కదిలి, నేల ఇంకా ఎక్కువ కదులుతూ ఉండవచ్చు కూడా. పది కావచ్చు. కొలిచి చెప్పడానికి వచ్చిన ఒక్క మనిషికీ తప్పు చెప్పి పంపింది. ఇప్పుడు లోకంలో ఎవరికీ ఆ నేల సంగతి తెలియదు.

శుక్రవారం రాత్రి గిడియన్‌కు చెప్పింది. అతను అన్నం తింటున్నవాడల్లా చెయ్యి ఆపాడు.

"ఎవరికన్నా చెప్పినవా?"

"లేదు. నీకే."

"మంచిది. ఇంక చెప్పకు. మిషన్లు ఎట్లాగూ పోతున్నయి కదా. మిషన్లు పోతే అదురు పోతది, మనకు రూము వస్తది. నీకింకేం గావాలె?"

"పోయేదాంక నెల ఉంది గిడియన్. ఈ నెల రోజులు బిడ్డనెక్కడ పండబెట్టాలె? ఇప్పటికే స్లాబు పాడైతే, మిషన్లు పోయినా పాడైందే గదా?"

పదో తరగతి సుత కానిదానివి స్లాబుల గురించి నీకేం ఎరుక అన్నాడు గిడియన్. ఆ మాట వెటకారంగా కాదు, విసుగ్గానే అన్నాడు. జీవమణి కంచం తీసి కడగడానికి వెళ్లింది. ఎరుక లేదు కాబట్టే ఎరుకున్న మనిషిని అడగాలని నిశ్చయించుకుంది.

శనివారం పొద్దున గిడియన్ డ్యూటీకి పోయాక పిల్లను చంకనేసుకుని, మెట్రోలో ఒక్క స్టేషనే ప్రయాణం చేసి పంజాగుట్టలో దిగింది. సుమశ్రీ ఆఫీసు ఒక బట్టల షోరూము పక్క బిల్డింగులో, సెల్లారులో ఉంది. లోపల ఒక ఇనుప బల్ల తనంత తానే దడదడలాడుతోంది. దాని మీద బోల్టులతో బిగించిన స్కూటరు బ్యాటరీ పెట్టె ఉంది. గతుకుల రోడ్డు మీద పదేళ్లు తిరిగితే ఈ పెట్టె ఏమవుతుందో ఆ బల్ల కొన్ని గంటల్లోనే తేలుస్తుందని అక్కడి మనిషి చెప్పాడు. జెనీఫర్ ఆ బల్లను నోరు తెరుచుకుని చూసింది.

సుమశ్రీ కుర్చీ జరిపింది. జీవమణి కూర్చోలేదు.

"మేడం, నేను అబద్ధం చెప్పిన. ఆ బిళ్లను నేను కదిపిన."

మిగతాదంతా గబగబా చెప్పేసింది. పిల్ల మైనం తినడం, పదకొండూ నలభై, బీరువా, మళ్లీ సుద్దగీత. చెబుతున్నంతసేపూ సుమశ్రీ ముఖం చూడలేక గోడకు తగిలించిన సుత్తులను చూసింది. సుమశ్రీ కోప్పడలేదు. కంప్యూటరులో సోమవారం రికార్డు తెరిచి, పదకొండూ నలభై దగ్గర ఆగి, దగ్గరికి పెంచి చూసింది. అక్కడ గీత రెండు నిమిషాలు పిచ్చిపట్టినట్టు ఊగి, తర్వాత ఎత్తుగా నిలబడింది.

"బీరువా మధ్యాహ్నం ఎన్నిసార్లు తెరిచారు?"

జీవమణి ఆలోచించింది. ఉతికిన బట్టలు పెట్టడానికి మూడింటికి, పాప గౌను కోసం ఐదు దాటాక. సుమశ్రీ తెర మీద ఆ రెండు చోట్లా పెన్ను ఆనించింది. రెండుచోట్లా గీత నిట్టనిలువుగా లేచి ఉంది.

"వీటిని చూసి తలుపు వేసుకున్నారేమో అనుకున్నాను. రెండో మిషన్ ఎన్ని గంటలకు వేశారో కిందకెళ్లి అడిగి ఉంటే దొరికిపోయేది. అడగలేదు. పాకే పిల్ల ఉన్న ఇంట్లో పైన ఏ మూతా పెట్టకుండా సెన్సార్ వదిలేసి వచ్చాను. తప్పు మీది ఒక్కరిదే కాదండీ."

అని లేచి, పక్కనున్న ఖాళీ ఇనుప బీరువా రేకును వేలితో తట్టింది. రేకు డప్పులా మోగింది. నేలను తట్టింది. ఏమీ వినిపించలేదు. బీరువా నేల మీదే నిలబడినా దాని రేకు పల్చన కాబట్టి నేల చిన్నగా కదిలినా అది పెద్దగా ఊగుతుందని చెప్పింది. జీవమణికి అర్థమైంది. అర్థమైనా అడగాల్సింది అడిగింది.

"అయితే నేల ఎంత మేడం?"

"తెలీదు. మొదటి గంటన్నర మంచి రికార్డే, కానీ అది ఒక్క మిషన్‌దే. వచ్చి కొలుస్తాను. ఇవాళే."

రెండింటికి సుమశ్రీ వచ్చింది. ఈసారి మైనం వాడలేదు. నేల మీద టైలు ఒకటి తట్టి చూసి, కింద డొల్ల లేదని నమ్మకం కుదిరాక, గట్టి జిగురుతో సెన్సార్‌ను అంటించి, దాని మీద బిళ్లకు తగలకుండా చిన్న స్టూలు బోర్లించింది. కిందికి మనిషిని పంపి రెండు మిషన్లూ వేయించింది. అరగంట తర్వాత ఒకటి ఆపించింది. మరో అరగంటకు రెండూ ఆపించింది. ఒక్కో మార్పుకూ ముందు జీవమణిని గడియారం చూసి చెప్పమని టైము రాసుకుంది. మిషన్లు ఆగిన నిశ్శబ్దంలో, మొనకు రబ్బరు ముక్క ఉన్న సుత్తితో నేలను నాలుగుచోట్ల కొట్టి, స్లాబు తనంతట తాను ఎలా ఊగుతుందో చూసింది. ఆ స్లాబుకు సెకనుకు పద్దెనిమిది సార్లు ఊగడం అలవాటు. మిషన్ ఫ్యాను తిరిగేది సెకనుకు ఇరవై నాలుగు సార్లు. ఆ రెండూ ఒకటైపోతే భయపడాలి, ఒకటి కాలేదంది.

రెండు మిషన్లు తిరిగేటప్పుడు నేల కదలిక సెకనుకు సున్నా పాయింట్ ఆరు మిల్లీమీటర్లు.

"ఐదుకు చాలా దూరం. గోడలకు ఏమీ కాదు. కానీ పడుకున్న మనిషికి తెలుస్తుంది. మీకు తెలిసింది నిజమే."

తలుపు పైన బీటను కూడా చూసింది. పెన్సిల్ గీత, తేదీ ఎవరు పెట్టారని అడిగి, మూడు వారాల్లో బీట ఆ గీతను దాటలేదని గమనించి వాటిని ఫోటో తీసుకుంది. బీముకూ ఇటుక గోడకూ మధ్య పూత ఆరి విడిన బీట అది, మిషన్లు రాకపోయినా వచ్చేదే.

అయినా సున్నా పాయింట్ ఆరు కూడా రాకూడదని సుమశ్రీకి తోచింది. అంత పెద్ద మిషన్లను స్ప్రింగుల మీద నిలబెడతారు, అదురంతా స్ప్రింగులే మింగాలి. డాబా మీదికి వెళ్లి వంగి చూసింది. రవికాంత్‌ను పిలిచింది. ప్రతి స్ప్రింగు పక్కనా ఎర్రరంగు పూసిన బోల్టు ఒకటి స్ప్రింగును అణిచిపెట్టి బిగుసుకుని ఉంది.

"ఇవి ఎవరు బిగించారు?"

"మేమే మేడం," అన్నాడు రవికాంత్ కాస్త గర్వంగా. "వారం వారం బిగిస్తున్నం. రెంచీతోని ఫుల్ టైట్. వదులైతే ఊగుతది గదా."

"ఇవి లారీలో వచ్చేటప్పుడు స్ప్రింగు ఎగరకుండా పెట్టే బోల్టులు రవికాంత్ గారూ. మిషన్ దించగానే తీసేయాలి. పక్కన చీటీ కూడా ఉంది."

రవికాంత్ చీటీని చూశాడు. ఎండకు రంగు వెలిసిన చీటీ మీద రెంచీ బొమ్మ ఉంది. రెంచీ బొమ్మ చూసి బిగించాలనుకున్నామని ఒప్పుకున్నాడు. ఎనిమిది బోల్టులూ తీయడానికి అరగంట పట్టింది. చివరి రెండింటికి వారం వారం పడిన జాగ్రత్తే అడ్డొచ్చింది, నూనె పోసి ఇద్దరు తిప్పాల్సి వచ్చింది. తర్వాత మిషన్లు వేస్తే అవి స్ప్రింగుల మీద మెత్తగా ఊగాయి. లోపల తెర మీద అంకె సున్నా పాయింట్ ఒకటి దగ్గర నిలిచింది.

చక్రపాణిగారు ఐదున్నరకు వచ్చారు. సుమశ్రీ ముందే ఫోన్ చేసి, పాత రిపోర్టు చెల్లదని, కొత్తది రాస్తానని చెప్పింది. అందులో సెన్సార్ ఎప్పుడు, ఎక్కడికి కదిలిందో కూడా రాస్తానంది. ఆయన రవికాంత్ ఎదురుగా ఆ మాటలన్నీ మళ్లీ వినాల్సి వచ్చింది. విన్నాక జీవమణి వైపు తిరిగారు. ఆమె పిల్లను గట్టిగా పట్టుకుంది.

"ఏంటమ్మా ఇది? నువ్వు పిలిస్తేనే కదా నేను వచ్చింది. ఇంతకీ నీకు కావలసిందేంటి?"

"బిడ్డను కింద పండబెట్టొచ్చా లేదా అని, అంతే సార్."

ఆయన సుమశ్రీ వైపు చూశారు. సుమశ్రీ జీవమణితోనే చెప్పింది.

"పడుకోబెట్టుకోండి. ఏ భయమూ లేదు."

"బాగుంది," అన్నారు చక్రపాణిగారు. "ఇల్లు గట్టిగానే ఉందని తేలిందిగా. ఇక కొత్త గదులెందుకు, ఇందులోనే ఉండండి." అని చెప్పులు వేసుకున్నారు.

గిడియన్ ఏడింటికి వచ్చాడు. మెట్ల మీదే రవికాంత్ చెప్పినట్టున్నాడు, లోపలికి వస్తూనే సంచి విసురుగా పెట్టాడు. అటాచ్డ్ బాత్రూము పోయిందని ఒకసారి, మనకెందుకు ఈ సత్యవంతుల కథలని ఒకసారి అన్నాడు. జెనీఫర్ గది మధ్యలో చాప మీద బోర్లా పడి నిద్రపోతోంది. మాట్లాడి మాట్లాడి అలిసిపోయాక గిడియన్ చాప అంచున కూర్చున్నాడు.

"ఇంతకీ ఎంతొచ్చింది?"

"సున్నా పాయింట్ ఒకటి."

"అంటే?"

"అంటే ఐదుంటే గోడకు భయం. ఐదును యాభై ముక్కలు జేస్తే అందులో ఒక్క ముక్క మనకొస్తది. అదీ రెండు మిషన్లు తిరిగితేనే. ఒక్కటే తిరిగితే ఇంకా తక్కువ," అంది జీవమణి. తర్వాత గొంతు తగ్గించి, "జర మెల్లగ మాట్లాడు, ఇప్పుడే పండుకుంది," అంది.